కడిగిన గాజుపలకలు

లలితాంబ చేతులకి శుభ్రం అనే జబ్బు ఉండేది. జబ్బు అనక ఇంకేమంటారు? నిన్న తోమిన బిందెని ఇవాళ మళ్ళీ తోమేది. వాకిట్లో ముగ్గు పెట్టిన చోటే రెండోసారి ఊడ్చి, ముగ్గు చెరిగిపోయిందని తనని తనే తిట్టుకుని మళ్ళీ పెట్టేది. తొండియార్‌పేట కార్పొరేషన్ బడిలో రెండో తరగతి తెలుగు పిల్లలకి పందొమ్మిదేళ్ళుగా పాఠం చెప్తోంది. ఆ పిల్లలకి గుణింతాలు వచ్చినా రాకపోయినా గోళ్ళు మాత్రం తెల్లగా ఉండేవి. ఏటా సరస్వతీపూజ ముందు బొగ్గూ దొండాకూ కలిపి నూరించి, ఒక్కొక్కరి చేతా పలక రుద్దించి, రెండు నీళ్ళలో కడిగించి, ఎండలో ఆరబెట్టించేది. మరకలున్న పలక మీద సరస్వతి కూర్చోదని ఆమె గట్టి నమ్మకం.

అట్లాంటి మనిషికి దేవుడు ఎట్లాంటి తమ్ముణ్ణిచ్చాడో చూడండి. పరంధామయ్య సముద్రం ఒడ్డున చెత్త ఏరుకొచ్చేవాడు.

పిచ్చివాడనుకునేరు. శుభ్రంగా చదువుకున్నవాడు, కాలేజీలో జంతుశాస్త్రం డెమాన్‌స్ట్రేటరు. నలభై ఆరో సంవత్సరం నుంచి ప్రతి అమావాస్యకీ పున్నమికీ మరునాడు, తెల్లవారగానే గోనెసంచి పట్టుకుని ఒడ్డుకి వెళ్ళేవాడు. ఆ రోజుల్లో పోటెక్కిన పెద్ద అల వెనక్కి పోతూ ఇసక మీద ఒక గీతలా చెత్త విడిచిపెడుతుంది కదా, ఆ గీత వెంట నడిచేవాడు. కుళ్ళిన నాచు, తెగిన వలతాళ్ళు, కొబ్బరి చిప్పలు, పురుగు తొలిచిన కట్టుమరం తెప్పల చెక్కలు, కొంగ ఈకలు, ఏది దొరికితే అది. అంతా ఇంటికి తెచ్చి, వెనక వరండాలో వేలాడదీసిన రేకు గరాటులో వేసి, దాని పైన బల్బు వెలిగించేవాడు.

ఆ చెత్తలో నల్లులుంటాయి. మంచంలో ఉండేవి కాదు, ఆ మాటంటే పరంధామయ్యకి ఒళ్ళు మండేది. ఇవి ఎనిమిది కాళ్ళవి, సూదిమొన కన్నా చిన్నవి, కంటికి ఆనవు. పైనుంచి బల్బు వేడి తగిలి చెత్త ఎండేకొద్దీ, తడి వెతుక్కుంటూ అవి కిందికి నడుస్తాయి. నడిచి నడిచి గరాటు మూతిలోంచి జారి, కింద కట్టిన స్పిరిట్ సీసాలో పడతాయి. అతను కాలేజీలో ఉన్నప్పుడు ఆ బల్బు వెయ్యడం, ఆర్పడం, సీసా మార్చడం లలితాంబ పని. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, గొణుక్కుంటూ, ఒక్క రోజు కూడా మరిచిపోకుండా చేసేది.

"ఒరేయ్, చచ్చిన చేప నయం గదరా ఈ నాచు కన్నా! ఇది ఇల్లా, మీన్ మార్కెట్టా?"

"అక్కా, ఈ పిడికెడు నాచులో పదకొండు జాతులుండాయి తెలుసా? మన వీధిలో గూడా అన్ని లేవు."

"ఉంటే ఉండనీ. వాటికి వడ్డించేదానికి మాత్రం నన్ను పిలవబాక."

పరంధామయ్యకి ఐదో ఏట, ఆమెకి పద్నాలుగో ఏట తల్లి పోయింది. అప్పట్నుంచి అతనికి అన్నం పెట్టింది ఆమే, అక్షరం దిద్దించింది ఆమే. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా వీడు చిన్నవాడంది, తర్వాత వీడి చదువు కానీ అంది, ఆ తర్వాత అడిగేవాళ్ళే లేకపోయారు. ఆమె కోపమంతా నోటిదాకానే అని అతనికి తెలుసు.

సీసాలో పడ్డ నల్లిని అతను వెంట్రుకంత కుంచెతో ఎత్తి, వేలంత గాజుపలక మీద, ఒక బంక చుక్కలో అమర్చి, పైన గోరంత పల్చటి గాజుముక్క మూసేవాడు. పక్కన చీటీ అంటించి తేదీ, చోటు, ఏ చెత్తలో దొరికిందో రాసేవాడు. తడినాచులో ఉండే జాతి ఎండునాచులో ఉండదు, తాటిపీచులో ఉండేది చెక్క పగుళ్ళలో ఉండదు. కాబట్టి నల్లికి ఎంత విలువో చీటీకీ అంతే. పదకొండేళ్ళలో అట్లా నాలుగు కొయ్యపెట్టెలు నిండాయి. మొత్తం నాలుగు వందల పన్నెండు పలకలు.

ఆ బంక నీళ్ళలో కరుగుతుంది. దాచి ఏం లాభం, ఈ కథకంతా మూలం అదే. రేపు ఏ పెద్ద పండితుడైనా పురుగుని తిప్పి వేరే వైపు చూడాలంటే పలకని కాసేపు నీళ్ళలో వేస్తే చాలు, విడివడుతుంది. అందుకనే పరంధామయ్య ఆ బంక వాడాడు. పండితుడు చూశాక, ఇక విప్పే పనిలేదని తేలాక, అంచుల చుట్టూ వార్నీషు పూసి శాశ్వతంగా మూసెయ్యాలనుకున్నాడు. ఈ సంగతి అక్కకి అతను ఎన్నడూ చెప్పలేదు. ఆమె ఎన్నడూ అడగలేదు.

యాభై ఏడు వేసవిలో ఒడ్డు పోయింది. కొన్నేళ్ళుగా సముద్రం అటువైపు నేలని తినేస్తూ ఉంది. గుడిసెలు, కొబ్బరిచెట్లు ఒక్కొక్కటే పడిపోతుంటే, చివరికి లారీలతో బండరాళ్ళు తెచ్చి ఒడ్డు పొడవునా కుమ్మరించారు. అల వచ్చి రాళ్ళకి కొట్టుకుని వెనక్కి పోతుంది. ఇసక లేదు, గీత లేదు, గీత మీద చెత్త లేదు. "పోతే పోయింది, ఉండాల్సినవి నా పెట్టెల్లో ఉండాయి" అన్నాడు పరంధామయ్య.

ఆ శ్రావణంలోనే లండన్ నుంచి ఉత్తరం వచ్చింది. నల్లుల మీద ముప్పై ఏళ్ళు పనిచేసిన దొర ఒకాయన రాశాడు. నువ్వు గీసి పంపిన బొమ్మలు చూశాను, ముప్పై నాలుగు జాతుల్లో తొమ్మిదింటికి ఇంతవరకు లోకంలో పేరు లేదనిపిస్తోంది, బొమ్మల మీద పేరు నిలవదు, పురుగులనే పంపు, చూసి ఖాయం చేస్తాను అని. పరంధామయ్య ఆ ఉత్తరం అక్కకి మూడుసార్లు తెలుగులో చెప్పాడు. మూడోసారి చెప్పి కాస్త సిగ్గుపడుతూ, "ఆ తొమ్మిదింట్లో ఒకదానికి నీ పేరు పెట్టినానక్కా" అన్నాడు.

"ఏందీ?"

"లాటిన్ పద్ధతిలో, లలితాంబే అని. లోకంలో ఏడ ఏ పుస్తకం అచ్చేసినా అదే పేరు. మనం పోయినా అది పోదు."

"నల్లికి నా పేరా! ఓరి నీ తెలివి తెల్లారా! నలుగురికి తెలిస్తే నవ్వుతారురా అప్పా!" అని వంటింట్లోకి పోయింది. పొయ్యి ముందు కూర్చుని, పొగకేనన్నట్టు, చాలాసేపు కళ్ళు తుడుచుకుంది.

ఆ పెట్టెల్ని లండన్ చేర్చే దారి కూడా కుదిరింది. కాలేజీలోనే పనిచేసే శేషాద్రి పైచదువుకి ఓడెక్కుతున్నాడు. విజయదశమి సాయంత్రం బొంబాయి మెయిలు. మధ్యాహ్నం మూడింటికి ఇంటికొచ్చి పెట్టెలు తీసుకుంటానన్నాడు.

ఏటా సరస్వతీపూజకి లలితాంబ తమ్ముడి పుస్తకాలు, కలం, భూతద్దం పీట మీద పెట్టేది. "నా పెట్టెలు గూడా పెట్టక్కా" అని అతను ఏటా అడిగేవాడు. "పురుగుల పెట్టెలు అమ్మవారి ముందరా? ఛీ, పో" అని ఏటా తిట్టేది. ఈ ఏడు ఆమెకే అనిపించింది, పెట్టాలని. అతను పండగ సెలవుల్లో మూడు రోజులు తన నల్లుల మీద వ్యాసం టైపు చేయించడానికి పొద్దున పోయి పొద్దుగూకి వస్తున్నాడు. మొదటి రోజు అతను అటు వెళ్ళగానే ఆమె పెట్టె తెరిచింది.

తెరిచి తల కొట్టుకుంది. వానాకాలపు చెమ్మకి బంక మెత్తబడి అంచుల వెంట కారి ఉంది. దాని మీద దుమ్ము, ఒక చీమ కూడా. చీటీల మీద సిరా వెలిసిపోయింది. దొరల దేశానికి పోయే సరుకు ఇట్లానా పంపేది! రెండో తరగతి పిల్ల ఇట్లాంటి పలక తెస్తే వీపు మీద ఒకటి వేసి వెనక్కి పంపేది.

ఆమెని తిట్టకండి. ఒకసారి అతను బలవంతాన ఆమె కన్ను మైక్రోస్కోపుకి ఆనించాడు. లోపల నల్లి, ఎండ్రకాయంత, ఎనిమిది కాళ్ళు చాపుకుని, వెంట్రుకలతో సహా కనిపించింది. బయట చూస్తే ఖాళీ గాజు. దాంతో ఆమె, ఫోటోవాళ్ళ అద్దంలో బొమ్మ దిగినట్టు, పురుగు ఆ గాజు లోపలే ఉంటుందనుకుంది. బంక, ఆ పల్చటి గాజుముక్క, పైన అంటిన మడ్డి అనుకుంది.

ముందు చీటీలన్నీ నోటుబుక్కులోకి అక్షరం పొల్లు పోకుండా ఎక్కించుకుంది. ఆ తర్వాత ఇత్తడి తాంబాళంలో గోరువెచ్చని నీళ్ళు పోసి, కుంకుడు రసం రెండు చుక్కలు వేసి, పది పది పలకలుగా నానబెట్టింది. మెత్తటి పాతచీర ముక్కతో రుద్దింది, మంచినీళ్ళలో ఇంకోసారి తీసింది, తుడిచింది. గాజుముక్కల్ని ఒక్కటి పగలకుండా కడిగి, దేని మీదది దాని మీదే మైదా జిగురుతో అంచులు అంటించింది. కొత్త చీటీల మీద తన గుండ్రటి చేతిరాతతో ఇంగ్లీషు అక్షరాలు అచ్చుగుద్దినట్టు దించింది. కడగకముందు వాటిల్లో ఏమీ కనపడలేదు, కడిగాకా ఏమీ కనపడలేదు. అనుమానం ఎందుకొస్తుంది?

పూజలో పెట్టే వస్తువు కడిగిన నీళ్ళు కాలవలో పోస్తే పదిమంది తొక్కుతారని, మూడు రోజులూ ఆ నీళ్ళు మోసుకెళ్ళి పెరట్లో గన్నేరు చెట్టు మొదట్లో పోసింది.

నవమి సాయంత్రం పరంధామయ్య ఇంటికొచ్చేసరికి పీట మీద సరస్వతి పటం, దాని ముందు నాలుగు కొయ్యపెట్టెలు, గంధం, కుంకుమ, పైన చేమంతులు. 

"నా పురుగులు అమ్మవారి ముందర కూర్చున్నాయే అక్కా!"

"ఈ ఒక్క ఏడే. పొంగబాక. రేపు పునఃపూజ అయ్యేదాకా తాకేది లేదు, చెప్తా ఉండా."

తాకలేదు. పూజలో పెట్టిన పుస్తకం ఆ రోజు తెరవకూడదని అతనికి చిన్నప్పుడు నేర్పింది కూడా ఆమే. అతను పెట్టెల ముందు సాష్టాంగపడి లేచాడు. ఆ పూట ఇద్దరూ పాయసం తింటూ తమ చిన్నతనం ముచ్చట్లు చెప్పుకుని నవ్వుకున్నారు.

పొద్దున హారతి ఇచ్చి, "ఇంక తీసుకోరా" అని లలితాంబ వంటింట్లోకి పోయింది. వడలు వేస్తూ చెవులు అటే పెట్టింది. ఆ తళతళ చూసి వాడు ఏమంటాడో వినాలని. మూత తీసిన చప్పుడైంది. "అబ్బ, ఎంత శుభ్రంగా ఉండాయక్కా!" అన్నాడు. ఆమెకి కడుపు నిండింది. ఆ తర్వాత గాజు మీద గాజు పెట్టిన చప్పుడు. మళ్ళీ అదే. మళ్ళీ. వాయి దించి, రెండు వడలు పళ్ళెంలో పెట్టుకుని వెళ్ళింది.

"ఏందిరా, పండగ పూట ఆ గొట్టానికి కన్ను అంటించుకోనుండావు? తిను, చల్లారతా ఉండాయి."

అతను తల ఎత్తలేదు. "అక్కా, వీటిని దేంతో తుడిచినావు?"

"తుడిచేదేంది, ఎగతాళా? వేణ్ణీళ్ళలో నానేసి, కుంకుడు రసం పోసి, ఆ బంకంతా పొయ్యేదాకా రుద్దినా. మూడు దినాలు పట్టింది తెలుసా!"

"అన్నీనా?"

"అన్నీ. నాలుగొందల పన్నెండు. ఒక్కటి వదిలితే నన్నడుగు."

పరంధామయ్య గొట్టం మీంచి కన్ను తీసి ఆమె వైపు చూశాడు. "బాగా కడిగినావక్కా" అన్నాడు.

ఆమె పళ్ళెంతో అతని దగ్గరికి జరిగింది. "ఏమైందిరా?"

"పురుగు గాజులో ఉండదక్కా. ఆ బంకలో ఉంటుంది."

లలితాంబకి పళ్ళెం ఎక్కడ పెట్టిందో తెలియదు. నేల మీద చతికిలబడి, ఒక పలక తీసి కిటికీ వెలుగుకి పట్టి చూసింది. నిర్మలంగా ఉంది. పక్కన తన చేతిరాతే, ముత్యాల్లా: తొండియార్‌పేట, ఇరవై ఒకటి, పదకొండు, నలభై తొమ్మిది, వలతాడు.

"తిట్టరా" అంది. "కొట్టరా నన్ను."

"నిన్నెందుకు తిట్టాలక్కా? పదకొండేళ్ళలో ఒక్కసారి చెప్పుంటే సరిపొయ్యేది. నేను చెప్పలేదు గదా."

అతను తిట్టి ఉంటే ఆమె ఏడ్చేది. ఆ మాటకి ఏడుపు కూడా రాలేదు. అతను మళ్ళీ గొట్టానికి కన్ను ఆనించాడు. ఏ ఒక్కటైనా మిగిలిందేమోనని నాలుగు పెట్టెలూ వరసగా చూశాడు. ఆమె పక్కన కూర్చుని ఒక్కో పలక అందించింది, అతను చూసి పక్కన పెట్టాడు. మధ్యాహ్నం దాటింది. మూడో పెట్టెలో ఒక పలక అంచున ఒక కాలు దొరికింది. కాలు ఒక్కటే. లలితాంబే అని రాసి ఉన్న రెండు పలకలూ ఖాళీ.

మూడింటికి శేషాద్రి జట్కా దిగి, హడావిడిగా లోపలికి వచ్చాడు. పరంధామయ్య గుమ్మంలోనే ఆపాడు.

"బంక ఇంకా ఆరలేదు శేషాద్రీ. ఈ వానలకి ఏం చేస్తాం? తర్వాత పోస్టులో పంపుకుంటాలే. నువ్వు పో, రైలు టైమయింది."

లోపల తలుపు చాటున లలితాంబ ఆ అబద్ధం వింది. తన తమ్ముడు ఎవరితోనైనా అబద్ధమాడటం ఆమె వినడం అదే మొదలు. అది తనకోసమే ఆడాడు. ఆ క్షణంలో చచ్చిపోతే బాగుండుననుకుంది.

జట్కా వెళ్ళగానే అతను గోనెసంచి భుజాన వేసుకుని బయల్దేరాడు. ఆమె గొడుగైనా తీసుకోకుండా వెనకాలే పరుగెత్తింది. సన్నగా తుంపర పడుతోంది. ఒడ్డు నిండా రాళ్ళు, రాళ్ళ మీద నల్లటి నీళ్ళు. అతను రాయి నుంచి రాయికి దిగి, సందుల్లో చెయ్యి పెట్టి తడిమాడు. చెయ్యి చీరుకుపోయింది. ఏమీ రాలేదు.

రాళ్ళ మీద ఎండుచేపల బుట్ట సర్దుకుంటున్న జాలరి మనిషి చిన్నపొన్ను వాళ్ళని చూసింది. ఇన్నేళ్ళూ అతని కోసం తెగిన వలతాళ్ళు దాచిపెట్టింది ఆమే. అరవ యాసతో, వచ్చీరాని తెలుగులో కేక వేసింది.

"ఇంగ ఈడ ఏముంది సామీ? నాచు వొడ్డెక్కేదానికి ఇసక ఏది? మా గుడిసెలే పోయినాయి. నువ్వు చెత్తకి ఏడస్తావా?"

పరంధామయ్య ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు. "పోదాం పదక్కా, తడిసిపోతా ఉండావు" అన్నాడు.

"ఇంకో ఊరి ఒడ్డున ఏరుకుందాంరా. పులికాట్ పోదాం. నేనూ వస్తా, నేనే మోస్తా."

"ఆడివి ఆడివే అక్కా. ఇవి కావు."

రెండు రోజులు అతను అన్నం ముందు కూర్చుని లేచాడు. మూడో రోజు కాలేజీ తెరిచారు, వెళ్ళాడు. లలితాంబ మాత్రం బడికి సెలవు పెట్టింది. ఆమెకి పొద్దున మెలకువ రాగానే ఒక సంగతి తట్టింది. కడిగిన నీళ్ళతోనే కదా పురుగులు పోయినవి? ఆ నీళ్ళు ఎక్కడికి పోయినవి? గన్నేరు మొదట్లోకి!

చీపురు పక్కన పారేసి, చేతులతోనే మట్టి తవ్వింది. ఆమె గోళ్ళ నిండా బురద. ఒక్క రేణువు కిందపడకుండా మట్టిని కొంగులో పోసుకొచ్చి, రేకు గరాటులో వేసింది. కింద స్పిరిట్ సీసా కట్టింది. బల్బు వేసింది. ఇన్నేళ్ళూ గొణుక్కుంటూ చేసిన పనే, ఇవాళ దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ చేసింది. పొయ్యి వెలిగించలేదు, పీట వేసుకుని సీసా కేసే చూస్తూ కూర్చుంది. సాయంత్రం అయ్యేసరికి సీసా అడుగున చిన్నచిన్న చుక్కలు. ఒకటి కాదు, రెండు కాదు, పదులు, ఇరవైలు!

పరంధామయ్య చెప్పులు విడుస్తుండగానే ఎదురెళ్ళింది. జుట్టు రేగిపోయి ఉంది, చీర నిండా మట్టి. పాతికేళ్ళలో అక్కని అట్లా చూడలేదు అతను.

"దొరికినాయిరా పరంధామా! నీ పురుగులు ఏడికీ పోలేదు, గన్నేరు మొదట్లోనే ఉండాయి! చూడు, ఎన్ని దిగినాయో చూడు!"

అతను సీసా అందుకున్నాడు. వెలుగుకి పట్టాడు. మైక్రోస్కోపు కింద పెట్టే అవసరం కూడా లేకపోయింది, అయినా ఆమె కోసం పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇవి పెరటి నల్లులక్కా, కంటికి ఆనేంత పెద్దవి. మట్టిలో ఏడైనా ఉంటాయి."

"అట్లా కాదురా, నేను ఆడనే పోసినా. మూడు దినాలూ ఆడనే పోసినా."

"నువ్వు ఆడనే పోసినావు." అతను లేచి ఆమె భుజం పట్టుకుని పీట మీద కూర్చోబెట్టాడు. చిన్నపిల్లకి చెప్పినట్టు, నెమ్మదిగా చెప్పాడు. "వేడికి తాళలేక నడిచి దిగొస్తాయక్కా. బతికినవే దిగుతాయి. మనవి ఎప్పుడో చచ్చినవి. అవి దిగవు."

"మరి... ఆ మట్టిలోనే వెతికితే?"

"దొరికినా, అది ఏ ఏటిదో, నాచులోదో తాడులోదో ఎవరు చెప్తారు? చీటీ లేని పురుగు ఉత్త పురుగే."

చీటీలన్నీ ఉన్నాయి. నాలుగు వందల పన్నెండూ, గుండ్రటి అక్షరాలతో, పెట్టెల్లో. లలితాంబ బల్బు కేసి చూసింది. లేచి ఆర్పాలని కూడా ఆమెకి తోచలేదు, అతనే ఆర్పాడు.

లండన్ దొర రెండు ఉత్తరాలు రాశాడు. మొదటిదానికి పరంధామయ్య జవాబివ్వలేదు. రెండోది విప్పలేదు. మైక్రోస్కోపు కాలేజీకి తిరిగిచ్చేశాడు. ఇక అమావాస్య మరునాడు కూడా ఎండ ముఖం మీద పడేదాకా పడుకునేవాడు, ఆమె లేపేది కాదు.

లలితాంబ బిందెలు మళ్ళీ తోముతోంది, వాకిలి ఊడుస్తోంది, బడిలో పిల్లల గోళ్ళు చూస్తోంది. పెరడంతా ఊడుస్తుంది. గన్నేరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చీపురు ఆగిపోతుంది. అక్కడ రాలిన ఆకులు ఆకుల మీద పడి కుళ్ళి, వానకి నాని, ఒకప్పటి వెనక వరండా వాసన వేస్తున్నాయి. పక్కింటావిడ గోడ మీంచి చూసి, "ఏందమ్మా టీచరమ్మా, ఆడ అంత చెత్త పెట్టుకోనుండావే?" అంటే, "ఉండనీ" అంటుంది. ఆ చెట్టు మొదట్లో ఆమె మళ్ళీ చీపురు వెయ్యలేదు.